బడిపిల్లల అన్నము: దిట్టము, ధర్మము

దానములన్నింటిలో అన్నదానమే మిన్న యని మన పెద్దలు చెప్పుదురు. బంగారమిచ్చినను, భూమినిచ్చినను పుచ్చుకొనువానికి ఇంకను కావలెననిపించును. అన్నమొక్కటియే చాలుననిపించును. ఈ మాట వినని తెలుగు గృహస్థు ఉండడు. కాని ఆ ‘చాలు’ అను మాటయందే ఒక చిక్కు కలదు. కడుపు నిండినవాడు చాలునని విస్తరికి చేయి అడ్డము పెట్టును. ఆ అన్నము అతని దేహమునకు చాలినదో లేదో అతనికిని తెలియదు, వడ్డించినవారికిని తెలియదు. తినువాడు పెద్దవాడైనచో ఒక పూట లోటు మరియొక పూట తీర్చుకొనగలడు. తినువాడు ఎదుగుచున్న పిల్లవాడైనచో సంగతి వేరు. విస్తరి నింపినంతనే దాత ఋణము తీరినదా? లేక ఆ విస్తరిలో ఏమున్నదో చూచుటయు దానములో భాగమేనా? బడిపిల్లల మధ్యాహ్న భోజనమును ముందుంచుకొని ఈ ధర్మసందేహమును కొంత విచారింతము.

నచికేతుని ప్రశ్న

ఇచ్చెడి వస్తువు మంచిదా కాదా యని తండ్రినే అడిగిన బాలుని కథ కఠోపనిషత్తులో కలదు. వాజశ్రవసుడు సర్వస్వమును దానమిచ్చెడి యాగము చేసెను. దక్షిణలుగా గోవులను తోలుచుండగా అతని కుమారుడు నచికేతుడు వానివంక చూచెను. అవి ఇక నీరు త్రాగలేని, మేత మేయలేని, పాలివ్వలేని, ఈనలేని ముసలి ఆవులు. లెక్కకు గోవులే; ఇచ్చినట్లు పేరు వచ్చును. పుచ్చుకొన్నవానికి మాత్రము ఫలము లేదు. పెద్దలందరును ఊరకున్నచోట ఆ బాలుని హృదయమున శ్రద్ధ ప్రవేశించినదని ఉపనిషత్తు చెప్పుచున్నది. ఇట్టి దానము చేసినవానికి ఆనందములేని లోకములే గతి యని అతడు తలపోసెను. తండ్రిని నిందింపలేదు. నన్నెవరికిత్తువని మాత్రము మూడుమార్లు అడిగెను.

కథ ఇంతటితో ముగియలేదు. తండ్రి కోపముతో పలికిన మాటచేత నచికేతుడు యముని ఇంటికి పోయెను. యముడు ఇంట లేడు. బాలుడు మూడు రాత్రులు ఆ వాకిట అన్నము లేకయే ఉండెను. తిరిగివచ్చిన యముడు భయపడెను. అతిథి పస్తున్న ఇంట పుణ్యమంతయు నశించునని తెలిసి, బాలునికి నమస్కరించి, గడచిన ఒక్కొక్క రాత్రికి ఒక్కొక్క వరము చొప్పున మూడు వరములిచ్చెను. లోకమంతయు ఎవనికి భయపడుచున్నదో ఆతడే తన వాకిట ఒక పిల్లవాడు పస్తున్నందుకు క్షమాపణ కోరెను. ఈ ఒక్క కథయందు మనకు రెండు పాఠములు దొరకుచున్నవి. పిల్లవాని పస్తు మహాదోషము. పేరునకు మాత్రమే ఇచ్చిన దానము అంతకు తక్కువ దోషము కాదు.

పోటులోని దిట్టము, బడిలోని దిట్టము

తిరుమలలో స్వామివారి వంటశాలను పోటు అందురు. అచ్చట తయారగు ప్రసాదమునకు దిట్టము అనునది కలదు. ఎంత బియ్యమునకు ఎంత నేయి, ఎంత పప్పు, ఎంత బెల్లము, ఎన్ని యాలకులు అను లెక్కయే దిట్టము. నేయి ధర పెరిగినదని ఆనాడు స్వామికి నేయి తగ్గించుటకు ఎవ్వరికిని మనసొప్పదు. స్వామి నోరు తెరచి అడుగడు. అడుగడు గనుకనే అర్చకుడును, వంటవాడును మరింత భయముతో కొలుచుదురు. 1985 ఏప్రిల్ 6వ తేదీన తిరుమలలో నిత్యాన్నదానము దినమునకు రెండువేలమందితో ఆరంభమైనప్పుడు, స్వామి పంక్తినుండి భక్తుల పంక్తికి ఆ శ్రద్ధయే ప్రవహింపవలెనని ఉద్దేశము.

బడిపిల్లల అన్నమునకును ఒక దిట్టము కలదని చాలమందికి తెలియదు. దాని చరిత్ర నూరేండ్లకు మించినది. ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న కాలమున, 1920లో మద్రాసు నగర పాలక సంస్థ థౌజండ్ లైట్స్ ప్రాంతపు బడిలో పిల్లలకు ఫలాహారము పెట్టుట ఆరంభించెను. అప్పుడు ఆ సంస్థకు అధ్యక్షుడు తెలుగువాడైన సర్ పిట్టి త్యాగరాయ శెట్టి. పిల్లవానికి దినమునకు ఒక అణా మించకుండ ఖర్చు చేయవలెనని నిర్ణయించిరి. తరువాత 1956లో కామరాజు నాడారు, 1982లో ఎం.జి. రామచంద్రన్ తమిళనాట ఈ కార్యమును విస్తరింపజేసిరి. 1995 ఆగస్టు 15న దేశమంతటికి ఒక పథకము వచ్చినది. అయినను పెక్కు రాష్ట్రములలో వండిన అన్నమునకు మారుగా బియ్యమో గోధుమలో కొలిచి ఇచ్చి పంపెడివారు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టవలెనని, అందు కనీసము 300 కేలరీల శక్తియు 8 నుండి 12 గ్రాముల మాంసకృత్తులును ఉండవలెనని, సంవత్సరమునకు 200 దినములకు తగ్గరాదని ఆజ్ఞాపించెను. ఆంధ్రప్రదేశములో 2003 జనవరినుండి బడులలో పొయ్యి వెలిగినది.

2013 నాటి ఆహార భద్రతా చట్టము ఈ అన్నమును పిల్లవాని హక్కుగా చేసినది. ప్రాథమిక తరగతుల పిల్లవానికి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు ఉండవలెను. దీనికి దిట్టము ఇట్లున్నది. చిన్నపిల్లవానికి బియ్యము 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. పెద్దపిల్లవానికి బియ్యము 150, పప్పు 30, కూరగాయలు 75, నూనె ఏడున్నర గ్రాములు. గుడిలోని దిట్టము వలెనే ఇదియు వ్రాసిపెట్టిన దిట్టము. దీనిని కుదించినప్పుడు కలుగు దోషమును గుడిలోని దోషముతో సమానముగ మనము చూచుచున్నామా? అసలు ప్రశ్న ఇదియే.

దీనిని లెక్కచేత తెలిసికొనవచ్చును. నూరు గ్రాముల బియ్యమునుండి సుమారు 350 కేలరీలు, 8 గ్రాముల మాంసకృత్తులు వచ్చును. ఇరువది గ్రాముల కందిపప్పునుండి సుమారు 65 కేలరీలు, 4 గ్రాముల మాంసకృత్తులు వచ్చును. నూనెనుండి 45 కేలరీలు. మొత్తము దిట్టమునకు సరిపోవును. ఇప్పుడు పప్పును సగము చేసి, కూరగాయలను మానివేసి, నీళ్ళచారు పోసినారనుకొందము. కేలరీలు ముప్పదియో నలుబదియో మాత్రమే తగ్గును. పిల్లవాని కడుపు ఎప్పటివలెనే నిండును. ఎవ్వరును గుర్తింపరు. కాని మాంసకృత్తులు 12 నుండి 10కి పడిపోవును. అంతేకాదు, బియ్యములోని మాంసకృత్తులలో లైసీను అను అంశము కొరతగా ఉండును. పప్పులో అది సమృద్ధిగా ఉండును. పప్పన్నమని మన పెద్దలు జంటగా చెప్పిన మాటలో ఈ మర్మము కలదు. పప్పు తగ్గినచో అన్నములోని సత్తువయు దేహమునకు పూర్తిగా పట్టదు. ఆకుకూర పోయినప్పుడు ఇనుమును, ఫోలిక్ ఆమ్లమును పోవును. ఫోలిక్ అను పేరు లాటిన్‌లో ఆకు అను మాటనుండియే వచ్చినది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందమే 1945లో దానిని అమెరికాలోని ప్రయోగశాలలో కృత్రిమముగ తయారుచేసినది.

కావున కడుపు నింపుట వేరు, పోషించుట వేరు. లెక్కకు గోవులు, ఫలమునకు ఒట్టిపోయిన ఆవులు అన్న వాజశ్రవసుని దానమే మరియొక రూపమున విస్తరిలోనికి రాగలదు.

శాస్త్రము దానమును దేశ కాల పాత్రములతో పరిశీలింపుమని చెప్పినది. గీతలో పదునేడవ అధ్యాయమున భగవానుడు ఆహారమును మూడు విధములుగను, దానమును మూడు విధములుగను విభజించి, రెండింటిని ఒకే అధ్యాయమున ఉంచుట గమనింపదగినది. తగిన దేశమున, తగిన కాలమున, తగిన పాత్రునికి, ఇవ్వవలసినదే యను బుద్ధితో ఇచ్చినదే సాత్త్విక దానము. ఈ మూడింటిని మన మెట్ట సీమకు అన్వయించి చూతము.

దేశము

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు చిరకాలము కృష్ణాజిల్లా మెట్టగా పేరుపొందినవి. 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. కృష్ణవేణి, మునేరు, పాలేరు ప్రవహించుచున్నను డెల్టావలె ఊరూర కాలువ నీరు పారు నేల కాదు. సాగర్ ఎడమ కాలువ కొంతభాగమునకే అందును. ప్రత్తి, మిరప, అపరాలు ఇచ్చటి పంటలు. వేదాద్రి యోగానంద లక్ష్మీనరసింహస్వామివారి దర్శనమునకు చిల్లకల్లు దగ్గర దారి మళ్ళెడి యాత్రికులకు ఈ చేలు పరిచితములే.

ఈ మెట్టలో వెనుకటి తరములవారి ముఖ్యాహారము జొన్న. జొన్నకూడు, జొన్నరొట్టె, దానితో కందిపప్పు, పెసరపప్పు, గోంగూర, తోటకూర, నువ్వులపొడి. ఆనాడు అందరును కడుపునిండ తినిరని చెప్పుట అసత్యము. వానలు తప్పిన సంవత్సరములలో పస్తులును ఉండెడివి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చి పేదవాని ఇంట పస్తును తరిమినది. దానిని మరువరాదు. అయితే పస్తుతోబాటు జొన్నయు విస్తరినుండి తొలగిపోయినది. నూరు గ్రాముల తెల్లబియ్యములో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడ ఉండదు. జొన్నలలో సుమారు నాలుగు, సజ్జలలో ఆరు ఉండును. బియ్యములో సున్నము పదికి లోపుగా ఉండగా రాగులలో మూడు వందల మిల్లీగ్రాములకు పైన ఉండును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 63 మందికి రక్తహీనత ఉన్నట్లును, 31 మంది వయసుకు తగినంత ఎత్తు ఎదుగనట్లును తేలినది. పదునైదు నుండి నలుబదితొమ్మిదేండ్ల స్త్రీలలోనూ నూటికి 58 మందికి మించి రక్తహీనులే. అన్నము దొరకని కాలపు లెక్క కాదిది. బియ్యము పుష్కలముగ ఉన్న కాలపు లెక్క.

2025 జూన్‌లో మన రాష్ట్రమున బడులకు సన్నబియ్యము ఇచ్చుట ఆరంభమైనది. అన్నము నోటికి హితముగ ఉన్నచో పిల్లలు పారవేయుట తగ్గును, అది మంచిదే. కాని బలము సన్నదనముచేత రాదు, ప్రక్కనున్న పప్పు కూరలచేత వచ్చును. బడికి వచ్చు బియ్యములో ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 చేర్చిన గింజలను కలుపుట కొన్నియేండ్ల క్రిందట ఆరంభమైనది. రంగు కొంచెము తేడాగ ఉన్నదని, నీటిపై తేలుచున్నదని వానిని ఏరి పారవేయరాదు. అన్నము వండునప్పుడు గంజి వార్చుటకంటె అత్తెసరు పెట్టుట మేలు. గంజితోబాటు కొంత సత్తువయు పోవును.

కాలము

మిరపకోతల కాలమున మెట్టగ్రామములలో తెల్లవారకముందే కూలి తల్లులు చేలకు బయలుదేరుదురు. పొయ్యి వెలిగించు వేళ ఉండదు. పిల్లవాడు రాత్రి మిగిలిన అన్నము కొంచెము తిన్ననాడు తినినట్లు, లేనినాడు లేనట్లు. అట్టివానికి బడిలో పెట్టు మధ్యాహ్న భోజనము దినమున రెండవ భోజనము కాదు, మొదటిది. ప్రాతఃకాలమున ఏమియు తినని పిల్లవానికి తొమ్మిది గంటలకు చెప్పిన ఎక్కము చెవిలో పడును గాని మనసున నిలువదు. 2023 మార్చిలో మన రాష్ట్రపు బడులలో వారమునకు మూడు దినములు ప్రొద్దుట రాగిజావ ఇచ్చుట ఆరంభించిరి. మెట్టపంటను మెట్టబిడ్డ నోటికి మరల చేర్చినట్లయినది.

భాగవతము దశమ స్కంధములో బాలకృష్ణుడు గోపబాలురతో కూడి చల్దులారగించిన ఘట్టము తెలుగువారికెల్ల ప్రియమైనది. ప్రతి బాలుడును తన ఇంటినుండి ఒక చిక్కము తెచ్చెను. ఒకని చలిది ఒకరికి పంచి, నడుమ స్వామిని కూర్చుండబెట్టుకొని తినిరి. ఆ స్కంధములోనే మరియొక ఘట్టము కలదు. ఆకలిగొన్న గోపబాలురు యజ్ఞశాలకు పోయి అన్నమడుగగా యజ్ఞము చేయుచున్న పెద్దలు పలుకక ఊరకుండిరి. వారి ఇల్లాండ్రు మాత్రము కృష్ణుడు ఆకలిగొన్నాడని వినగానే నాలుగు విధముల అన్నములను పాత్రలకెత్తి పరుగున వచ్చిరి. యజ్ఞము తప్పు కాదు. కాని అన్నమునకు వేళయైనప్పుడు వేళ తప్పించినచో యజ్ఞపురుషుడే బయట నిలుచును. ఆ ఇల్లాండ్రు తెచ్చినది మిగిలిన అన్నము కాదు, ఉన్నదానిలో శ్రేష్ఠమైనదని మరువరాదు.

పాత్రము

పిల్లవానికంటె తగిన పాత్రుడు లేడు. అతడు కృతజ్ఞత చూపడు, పొగడడు, శిలాఫలకము వేయించడు. పప్పు పలుచనైనదని ఫిర్యాదు చేయుటయు అతనికి రాదు. పెట్టినది తినును, లేదా పారవేసి ఆడుకొనును. ఎదుగవలసిన వయసు గడచిన తరువాత ఎంత పెట్టినను కోల్పోయిన ఎత్తు పూర్తిగ తిరిగిరాదు. రక్తములో ఇనుము తగ్గిన పిల్లవాడు మందబుద్ధి యనిపించుకొనును; వాని మందము బుద్ధిలో లేదు, విస్తరిలో ఉన్నది. ఇది తెలియక ఉపాధ్యాయుడు దండించును, తండ్రి చదువు మాన్పించును. ఒక విస్తరిలో తగ్గిన గుప్పెడు పప్పు ఒక జీవితములో ఎంత దూరము పోవునో ఊహింపవలెను.

కొన్ని సందేహములు

ఉచితముగ పెట్టు అన్నములో ఎంచుట ఏమి, ఏదో ఒకటి పెట్టుచున్నారు గదా యని కొందరందురు. అన్నమును నిందింపరాదని తైత్తిరీయోపనిషత్తు చెప్పిన మాటను ఇచట ఉదాహరింతురు. ఆ ఉపదేశము తినువానికి వ్రతముగ చెప్పబడినది. పెట్టువాని అశ్రద్ధకు కవచముగ కాదు. ఆ ఉపనిషత్తే అన్నమును సమృద్ధము చేయుమని, ఇంటికి వచ్చినవానిని ఎవ్వనిని త్రిప్పిపంపరాదని, శ్రద్ధతో ఇవ్వవలెనని కూడ చెప్పినది.

వంటచేయు స్త్రీలే దోషులని మరికొందరందురు. ఇదియు తొందరపాటు. 2025 మే నెల నుండి కేంద్రము నిర్ణయించిన లెక్క ప్రకారము ప్రాథమిక తరగతుల పిల్లవానికి పప్పు, కూర, నూనె, పోపు, వంటచెరకు లేక గ్యాసు అన్నింటికి కలిపి దినమునకు 6 రూపాయల 78 పైసలు. పెద్దపిల్లవానికి 10 రూపాయల 17 పైసలు. బియ్యము వేరుగ వచ్చును. కందిపప్పు కిలో 120 రూపాయలైనచో ఇరువది గ్రాములకు 2 రూపాయల 40 పైసలు. 180 అయినచో 3 రూపాయల 60 పైసలు. ధర పెరిగినది, ఇచ్చు పైకము పెరుగలేదు. అప్పుడు వంటమనిషి చేతిలో మిగిలిన మార్గము గిన్నెలో నీళ్ళు పోయుటయే. ఆమె గౌరవవేతనము 2019లో నెలకు 1,000 నుండి 3,000 రూపాయలకు పెంచబడినది. బిల్లులు ఆలస్యమైనచో సరుకులకు అప్పు తెచ్చునదియు ఆమెయే. పోటులో పనిచేయువానిని గౌరవించి, బడిపొయ్యి దగ్గర పొగలో కూర్చున్న తల్లిని చులకన చేయుట తగదు. దిట్టము వ్రాసినవారు దానికి చాలిన ద్రవ్యము ఇవ్వనిచో దోషములో పెద్దపాలు వారిదే.

మూడవ సందేహము మన వైష్ణవ గృహములకు సంబంధించినది. 2020 జనవరిలో మార్చిన పట్టికలో వారమునకు ఐదు దినములు గ్రుడ్డు, మూడు దినములు వేరుసెనగ బెల్లపు చిక్కి చేర్చబడినవి. గ్రుడ్డును ముట్టని మన ఇండ్లకు ఇది ఇబ్బందిగ తోచుట సహజము. మన పిల్లవానికి దానిని పెట్టవద్దని కోరుటకు మనకు అధికారము కలదు. దానికి బదులు పాలో, పండో, పప్పుదినుసులో అడుగుటయు న్యాయమే. కాని వ్రతము పట్టినవానిదే వ్రతము. ఇతర గృహములలో తరతరములుగ తినుచున్న పిల్లవాని విస్తరినుండి దానిని తొలగింపుమని మనము కోరినచో, అతని ఆకలితో మన ఆచారమును పోషించుకొన్నట్లగును. ఒక గ్రుడ్డులో సుమారు ఆరు గ్రాముల మాంసకృత్తులు కలవు. శాకాహారమే శ్రేష్ఠమని నమ్మువారు ఆ ఆరు గ్రాములకు సరిపడ వేరుసెనగలు పాతిక గ్రాములో, పాలు ఒక పెద్ద గ్లాసెడో తెచ్చి అధికముగ పెట్టవలెను. తీసివేయుటచేత ధర్మము నిలువదు, చేర్చుటచేత నిలుచును. కేవలము తీసివేయుమనువాడు ఒట్టిపోయిన ఆవును తోలువానికంటె భిన్నుడు కాడు.

శుచి

మడి యనగా ఏమి? దేవునికి పెట్టుదానిలో అపవిత్రమేదియు చేరకుండుట. బడి వంటకు ఇది ప్రాణసమానము. 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామపు బడిలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలసియున్నట్లు పరీక్షలో తేలినది. ప్రత్తి, మిరప పండించు మన మెట్టలో ప్రతి ఇంటను పురుగుమందు డబ్బా ఉండును. అట్టి డబ్బాను కడిగి నూనెకో నీటికో వాడుట, ఎరువులు మందులు ఉంచిన గదిలో బియ్యపు బస్తాలుంచుట ఎంతటి ఘోరమో ఆ ఊరు చెప్పుచున్నది. 2015 నాటి నియమముల ప్రకారము వండిన అన్నమును పిల్లలకు పెట్టకముందు ఉపాధ్యాయుడు రుచిచూడవలెను. స్వామికి నివేదింపనిదే మనము తినము. ఇచట వరుస తారుమారు; పెద్దవారు తిని చూచిన తరువాతనే బాలస్వామికి పెట్టవలెను. రెండింటి వెనుకనున్న శ్రద్ధ ఒకటే.

గృహస్థు చేయదగినది

ప్రభుత్వపు పథకములో గృహస్థునకు పని ఏమున్నదని అడుగవచ్చును. ఉన్నది. పండుగనాడో, పుట్టినరోజునాడో, పితృదేవతల తిథినాడో ఊరివారు బడిపిల్లలకు విశేష భోజనమునో, ఒక అదనపు పదార్థమునో సమర్పించుటకు తిథి భోజనమను పేర ఆ పథకముననే స్థానము కలదు. మనము అన్నదానమునకు తలచిన ద్రవ్యములో ఒక పాలు నందిగామ, వత్సవాయి, చందర్లపాడు, జగ్గయ్యపేట గ్రామ బడులకు మళ్ళింపవచ్చును. మిఠాయి మాత్రమే పంచి తృప్తిపడరాదు. గట్టి పప్పు, ఆకుకూర, పెరుగు, నువ్వుండ, అరటిపండు ఇవి తిథి భోజనమున ఉండవలెను.

శ్రీవైష్ణవ గృహములలో ఏకాదశి ఉపవాసము తరువాత ద్వాదశి పారణకు అవిసె ఆకు, ఉసిరిక వాడుట ఆచారము. ఆకుకూరలోని ఇనుము దేహమునకు పట్టుటకు పులుపులోని సి విటమిను తోడ్పడునని నేటి పోషకాహార శాస్త్రము చెప్పుచున్నది. అన్నముతో టీ త్రాగినచో అది ఇనుమును పట్టనీయదు. పస్తుండి లేచిన దేహమునకు మొదట ఏమి పెట్టవలెనో మన వంటిల్లు ఎరుగును. రాత్రినుండి పస్తున్న పిల్లవానికి ఆ ద్వాదశి విధినే పాటింతము. బడి ఆవరణలో ఒక మునగచెట్టు, ఒక నిమ్మచెట్టు, ఒక ఉసిరికచెట్టు నాటి నీరు పోయుట ఏ పేదవానికైనను సాధ్యమే. నెలకొకమారు భోజనవేళకు బడికి పోయి, పిల్లల పంక్తిలో కూర్చుండి అదే అన్నము తినివచ్చుట అంతకంటె సులభము. ఎవరినో పట్టుకొనుటకు కాదు. పెద్దలు చూచుచున్నారను భావమే గిన్నెలో పప్పును చిక్కగ ఉంచును.

2024లో మన రాష్ట్రపు బడి భోజన పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టబడినది. కోనసీమలోని గన్నవరమున వేళ చూడక వచ్చినవారికెల్ల అన్నము పెట్టిన ఆ తల్లి 1841లో జన్మించి 1909లో పరమపదించెను. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి దర్శనమునకై ఆమె బయలుదేరగా, దారిలో ఆకలిగొన్న వారెవరో సీతమ్మగారి ఇంటికి పోయినచో అన్నము దొరకునని చెప్పుకొనుట వినెననియు, వెంటనే యాత్ర మాని ఇంటికి మరలి వారికి వండిపెట్టెననియు ఆ సీమవారు చెప్పుదురు. ఆమె స్వామిని చూడలేదని ఏ భక్తుడనగలడు? ఆమె పెట్టినది మిగిలినది కాదు, తోచినది కాదు, వచ్చినవానికి కావలసినది. పథకమునకు ఆమె పేరు పెట్టుట సులభము. ఆమె గరిటెను పట్టుటయే కష్టము.

భక్తులారా! వేదాద్రికి పోవునప్పుడు దారిలో బడి గంట వినబడినచో, అచట పంక్తిలో కూర్చున్న పిల్లల విస్తరులవంక ఒక్కమారు చూడుడు. ప్రహ్లాదుడను బాలునికొరకు స్తంభమునుండి వెలువడిన స్వామి ఆ పంక్తిలో లేడనుకొనరాదు. గర్భాలయమున ఆయనకు దిట్టము తగ్గనీయని మనము, పంక్తిలో కూర్చున్న ఆయనకును తగ్గనీయకుందుము గాక. యోగానంద లక్ష్మీనరసింహుడు మన బాలురకు బలమును, పెట్టువారికి శ్రద్ధను అనుగ్రహించును గాక.